కిలిమంజారో: మంచు కరుగుతున్నది, అడవి కాలుతున్నది

టాంజానియాలోని కిలిమంజారో పేరు వినగానే మన కన్నుల ముందు మెదిలేది శిఖరం మీది తెల్లని మంచు. 1912 నుండి నేటి వరకు ఆ మంచులో అయిదింట నాలుగు వంతులకు పైగా కరిగిపోయింది. లోకమంతా దానిని గురించే విచారిస్తున్నది. అయితే పర్వత పాదాన నివసించే ప్రజలకు నీటిని ప్రధానంగా అందించేది ఆ మంచు కాదు. పర్వతం నడుమన ఉన్న అడవి.

మరాంగు బాట వెంట నడిచేవారికి ఈ సంగతి కళ్లకు కట్టినట్లు తెలుస్తుంది. సుమారు 1,900 మీటర్ల ఎత్తున బాట మొదలవుతూనే దట్టమైన వర్షారణ్యం ఎదురవుతుంది. కొమ్మ కొమ్మకు నాచు పట్టి ఉంటుంది. 2,700 మీటర్ల వద్దనున్న మందారా విడిది దాటిన పిదప పెద్ద చెట్లు తగ్గి, ఎరికా అనే సన్నని ఆకుల మొక్కలు కనబడతాయి. 3,720 మీటర్ల హోరొంబో విడిది పరిసరాలలో సెనీషియో వృక్షాలు నిలిచి ఉంటాయి. ఎండిన ఆకులను రాల్చక, కాండానికి కంబళివలె చుట్టుకొని, అవి రాత్రి చలినుండి తమను తాము కాపాడుకుంటాయి. 4,700 మీటర్ల కీబో విడిది చేరేసరికి రాళ్లు, ఇసుక తప్ప పచ్చదనం దాదాపు కానరాదు. శిఖరం ఎత్తు 5,895 మీటర్లు.

ఈ అంచెలలో ఎరికా వనాల సేవ విశిష్టమైనది. వాటి ఆకులు, కొమ్మలకు వేలాడే లైకెన్లు పొగమంచును ఒడిసిపట్టి, బొట్టు బొట్టుగా నేలకు దించుతాయి. వాననీటిని అడవినేల ఇముడ్చుకొని మెల్లమెల్లగా ఊటలకు వదలుతుంది. దిగువన చగ్గా రైతుల అరటి, కాఫీ తోటలు, పంగాని నది ఈ పర్వతపు నీటిపై ఆధారపడి ఉన్నాయి.

వాతావరణం వేడెక్కి, పొడిబారినకొద్దీ ఎగువ అడవిలో మంటలు సులభంగా వ్యాపిస్తున్నాయి. గత కొన్ని దశాబ్దాలలో అడవి పై హద్దు కొన్ని వందల మీటర్లు కిందికి దిగిపోయింది. కాలిన చోట చెట్లకు బదులు పొదలు మొలుస్తున్నాయి. అవి పొగమంచును అంతగా పట్టలేవు. తేనె తీసేవారు పెట్టే పొగ, బాటసారులు ఆర్పక విడిచిన నిప్పు ఇందుకు కారణాలవుతున్నాయి. అక్టోబరు 2020లో చెలరేగిన మంటలను ఆర్పడానికి వందలాది మంది రోజుల తరబడి శ్రమించవలసి వచ్చింది.

కరిగే మంచును ఏ ఒక్కరూ ఆపలేరు. నిప్పురవ్వను ఆర్పడం మాత్రం ప్రతి బాటసారి చేతిలోని పని. అతడు రెండు మూడు దినాలలో కొండ దిగి వెళ్లిపోతాడు. అతడు ఏనాడూ చూడని ఒక ఇల్లాలి కుండలోని నీరు మాత్రం ఆ అడవి అమానతుగానే ఉండిపోతుంది. వేసవిలో మన నల్లమల దారులలో నడిచే పిల్లలకు కూడా పెద్దలు నేర్పవలసిన మొదటి మర్యాద ఇదే.