తుమ్మయితే ముళ్ళేవి?

కిందటి శీతాకాలం మా అమ్మ అనంతపురం నుంచి గంగాలిన్ వచ్చింది. తన పెట్టెలోని మునగ గింజలు విమానాశ్రయంలో తీసేసుకున్నారని ఆమెకు వారం రోజులు కోపం తగ్గలేదు.

ఒక ఆదివారం బ్లాక్ మౌంటెన్ పక్కనున్న జాతీయ వృక్షోద్యానానికి తీసుకువెళ్ళాము. అక్కడ 2013లో తెరచిన ‘రెడ్ సెంటర్ గార్డెన్’లో ఎర్ర ఇసుక పోసి నడిమి ఆస్ట్రేలియా ఎడారి మొక్కలు పెంచుతున్నారు. ఒక చెట్టు చూపించి, ‘‘ఇది అకేసియా, మన తుమ్మకు చుట్టం’’ అన్నాను.

‘‘తుమ్మయితే ముళ్ళేవిరా?’’ అంది అమ్మ.

నిజమే. ఇక్కడి అకేసియాలలో చాలావాటికి ముళ్ళుండవు. ఎడారిలో పేరుగన్నది ముల్గా. దాని ఆకులు నిజానికి ఆకులు కావు, వెడల్పయిన కాడలు. అవి నిక్కి నిలబడి ఉంటాయి కనుక మధ్యాహ్నపు ఎండ వాటికి అంతగా తగలదు. చిన్న జల్లు పడినా ఆ నీరు కొమ్మల వెంట జారి మొదట్లోకి చేరుతుంది. రాలిన ఆకుల ఎరువుతో ఆ నీడన చిన్న మొక్కలు బ్రతుకుతాయి. ఉప్పునేలల్లో ముల్గా బదులు సాల్ట్‌బుష్ పొదలు కనిపిస్తాయి. అవి అదనపు ఉప్పును ఆకుల పైనున్న సన్నని బుడగల్లో దాచుకుంటాయి. సాల్ట్‌బుష్ మన తోటకూర కుటుంబానిదే! ఇసుక నేలల్లో స్పినిఫెక్స్ గడ్డి పెరుగుతుంది. ఏమీ లేదనుకునే ఎడారిలో ఏ మట్టికి ఆ కాపురం.

మరి మన నల్లతుమ్మ ఇక్కడికి రాలేదా? వచ్చింది. 1890ల ప్రాంతంలో నీడకనీ మేతకనీ క్వీన్స్‌లాండ్‌కు తెచ్చారు. పశువులు కాయలు తిని, పేడతో గింజలు చల్లుకుంటూ పోయాయి. లక్షల ఎకరాల పచ్చికబయళ్ళు ముళ్ళకంపలయ్యాయి. 1957లో దాన్ని కలుపుగా ప్రకటించారు. 1999లో దేశంలోకెల్లా ముఖ్యమైన కలుపు మొక్కల జాబితాలో చేర్చారు. చివరికి పేరూ పోయింది. 2005లో వియన్నాలో, మళ్ళీ 2011లో మెల్‌బోర్న్‌లో జరిగిన వృక్షశాస్త్ర మహాసభలలో ‘అకేసియా’ అన్న పేరు ఆస్ట్రేలియా చెట్లకే స్థిరపడింది. మన తుమ్మ ఇప్పుడు ‘వచేలియా’.

ఇదంతా విని అమ్మ కాసేపు మాట్లాడలేదు. తరువాత అంది: ‘‘మన ఊళ్ళో మేకలు కొరుకుతాయి, జనం వంటచెరకుకు కొడతారు, నాగలికీ బండికీ నరుకుతారు. ఇక్కడ దాన్ని అడిగేవాడెవడు?’’

శాస్త్రజ్ఞులు చెప్పేదీ అదే. ఏ మొక్కా పుట్టుకతో చెడ్డది కాదు. తనను అదుపులో ఉంచే ఇరుగుపొరుగును వదలి ఒంటరిగా వచ్చినప్పుడే చిక్కు.

మునగ గింజల ప్రస్తావన మళ్ళీ రాలేదు. వేసవికి అమ్మానాన్నలను పిలిపించుకుంటున్న మిత్రులు పెట్టె సర్దకముందే వాళ్ళకు ఈ తుమ్మ కథ చెప్పండి. వచ్చాక ఆ ఎర్ర ఇసుక తోటకు తీసుకువెళ్ళండి. మనకు తెలియని చెట్ల గురించి వాళ్ళు అడిగే ప్రశ్నలు పిల్లలకు మంచి పాఠాలు.