కొత్త ఎస్‌యూవీతో చలికాలం స్పితికి వెళ్లాలంటే బండికి ముందు ఏం చేయించాలి?

స్పితి వీడియో పెట్టినప్పటి నుంచి నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇది. "అన్నా, నేనూ కొత్త ఎస్‌యూవీ తీసుకున్నా. జనవరిలో హైదరాబాద్ నుంచి అలాగే తోలుకుంటూ వెళ్లిపోవచ్చా?"

వెళ్లొచ్చు. కానీ నేను మొదటిసారి వెళ్లినట్టు మాత్రం వెళ్లకండి. ఆ వీడియోలో నేను చూపించని రెండు రోజులు ఉన్నాయి. ఈరోజు వాటి గురించే మాట్లాడదాం.

ముందు నా తప్పు చెప్పేస్తా. బండి దసరాకి తీసుకున్నా. డీజిల్, ఫ్రంట్ వీల్ డ్రైవ్. డౌన్ పేమెంట్‌లో సగం నాన్న ఇచ్చారు. నెల తిరక్కుండానే దాని మీద ఇంకో 60 వేలు పెట్టా. పైన ఎల్ఈడీ లైట్ బార్, రూఫ్ క్యారియర్, సీట్ కవర్లు, వెనక అద్దం మీద కొండల స్టిక్కర్. టైర్లేమో షోరూమ్‌లో వచ్చినవే. చెయిన్లు లేవు. కూలెంట్ ఏ రంగులో ఉంటుందో కూడా ఎప్పుడూ చూడలేదు. మా అమ్మమ్మ మాటల్లో చెప్పాలంటే పైన పటారం, లోన లొటారం.

జనవరిలో నేనూ నా రూమ్మేటూ బయల్దేరాం. నాగ్‌పూర్ దాటాక కూలెంట్ తగ్గిందని చూసుకున్నాం. ఒక హోస్ క్లిప్ దగ్గర సన్నగా కారుతోంది. ఏం చేశాం? వాటర్ బాటిల్ తీసి పోసేశాం. సిమ్లా చేరేలోపు ఇంకో రెండుసార్లు పోశాం. మొత్తం మూడు, నాలుగు లీటర్లు ఉంటుంది. సిమ్లాలో మెకానిక్ క్లిప్ బిగించాడు, లీక్ ఆగింది. మేం ఫుల్ హ్యాపీ. లోపల మిగిలింది కూలెంటా నీళ్లా అని ఇద్దరు బీటెక్ వాళ్లం ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

మన తప్పు కూడా కాదేమో. మన దగ్గర రేడియేటర్ అంటే నీళ్లే కదా. ఎండాకాలం లారీ ఆగితే క్లీనర్ మగ్గుతో నీళ్లు పోయడం చూస్తూ పెరిగాం. హైదరాబాద్‌లో నీళ్లు గడ్డ కట్టేది ఫ్రిజ్‌లోనే.

నాకోలో రాత్రి ఆగాం. అక్కడ ఎత్తు 3,600 మీటర్లకు పైనే. ఆ రాత్రి మైనస్ 15 దాటింది. పొద్దున బండి స్టార్ట్ అయింది. రెండు కిలోమీటర్లు వెళ్లామో లేదో, టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దగ్గరికి వెళ్లిపోయింది. బయట చూస్తే మైనస్, లోపల ఓవర్‌హీట్! హీటర్ ఆన్ చేస్తే చల్లగాలి. ఆపేశాం. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. సిగ్నల్ లేదు. గంటన్నరకి ఒక పికప్ వచ్చింది. ఆ కిన్నౌర్ డ్రైవర్ భయ్యా బానెట్ ఎత్తి, కూలెంట్ ట్యాంక్ వైపు చూసి, ఒకటే మాట అడిగాడు. "పానీ డాలా?" నీళ్లు పోశారా అని.

జరిగింది ఇది. కూలెంట్, నీళ్లు సగం సగం ఉంటే ఆ మిశ్రమం దాదాపు మైనస్ 37 దాకా గడ్డ కట్టదు. కూలెంట్ పావు వంతుకి పడిపోతే మైనస్ 12 దగ్గరే గడ్డ కట్టడం మొదలవుతుంది. రేడియేటర్‌లో ఐస్ గోలాలా తయారైంది. ఇంజిన్ వేడెక్కింది, ఆ వేడిని మోసుకెళ్లాల్సిన ద్రవం కదల్లేదు. అందుకే అంత చలిలో ఓవర్‌హీట్. పైగా నీళ్లు గడ్డ కడితే సుమారు 9 శాతం పెరుగుతాయి. ఆ ఒత్తిడికి రేడియేటర్ పగులుతుంది. ఇంకా ఘోరంగా అయితే ఇంజిన్ బ్లాకే పగులుతుంది. మాకు రేడియేటర్‌తో పోయింది. రెండు రోజులు, బండి మోయించిన ఖర్చు, కొత్త రేడియేటర్. లైట్ బార్‌కి పెట్టినదానికంటే ఎక్కువే అయింది. ఆ రాత్రి దాకా ఇంటికి ఫోన్ కలవలేదు. కలిశాక అమ్మ తిట్టలేదు, ఏడ్చింది. తిట్టి ఉంటే బాగుండేది.

కాబట్టి ఈ ఎపిసోడ్ మొత్తానికి ఒకటే రూల్. ఫొటోలో కనపడే వాటికంటే ముందు, కనపడని వాటికి ఖర్చు పెట్టండి. ఇప్పుడు ఒక్కొక్కటి చూద్దాం.

మొదటిది రూట్. చలికాలంలో మనాలి వైపు నుంచి కాజాకి వెళ్లలేరు, కుంజుమ్ పాస్ మంచుతో మూసుకుపోతుంది. అటల్ టన్నెల్ ఉంది కదా అనకండి. అది మిమ్మల్ని లాహౌల్‌లో దింపుతుంది, స్పితిలో కాదు. మిగిలింది సిమ్లా, రాంపూర్, నాకో, టాబో మీదుగా వెళ్లే రూట్. అది కూడా మంచు ఎక్కువ పడితే, కొండచరియలు విరిగితే ఆగిపోతుంది. అందుకే ప్లాన్‌లో రెండు రోజులు ఖాళీగా ఉంచుకోండి. సోమవారం ఆఫీసు ఉంది కదా అని ఆదివారం మంచులో దిగే వాడే ఎక్కువ రిస్క్ తీసుకుంటాడు.

రెండోది ద్రవాలు. బయల్దేరేముందు సర్వీస్ సెంటర్‌లో కూలెంట్ టెస్ట్ చేయించండి. హైడ్రోమీటర్ అని చిన్న పరికరం ఉంటుంది, ఎంత చలి దాకా తట్టుకుంటుందో చెప్పేస్తుంది. మాన్యువల్‌లో చెప్పిన రకమే ఒక లీటరు డబ్బా డిక్కీలో పెట్టుకోండి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు మూత తిప్పొద్దు, మొహం మీదకి చిమ్ముతుంది. అద్దం కడిగే ట్యాంక్‌లో కూడా మామూలు నీళ్లు తీసేసి, గడ్డ కట్టని వాషర్ ఫ్లూయిడ్ పోయించండి. ఇంజిన్ ఆయిల్ డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటుంది చూడండి. ఆ డబ్ల్యూ అంటే వింటర్. ముందున్న అంకె ఎంత తక్కువైతే చలిలో ఆయిల్ అంత తేలిగ్గా పారుతుంది. మీ బండికి ఏది సరిపోతుందో మాన్యువలే చెప్తుంది.

డీజిల్ వాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి. డీజిల్‌లో మైనం ఉంటుంది. బాగా చలి పడితే అది పేరుకుపోయి ఫిల్టర్‌ని మూసేస్తుంది. మన దగ్గర కొట్టించిన డీజిల్ ఆ చలి కోసం తయారైంది కాదు. లడాఖ్ లాంటి చోట్ల కోసం ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 దాకా పారే డీజిల్ ప్రత్యేకంగా తెచ్చిందంటే సమస్య ఎంత పెద్దదో అర్థం చేసుకోండి. అందుకని కింద నింపిన ట్యాంక్‌తోనే పైదాకా వెళ్లకుండా, పైకి వెళ్లేకొద్దీ అక్కడి బంకుల్లో నింపుకుంటూ వెళ్లండి. యాంటీ జెల్ ద్రవం వాడాలనుకుంటే ముందు మాన్యువల్ చూడండి. వాడేటట్టయితే చలిలోకి వెళ్లకముందే కలపాలి, గడ్డ కట్టాక కలిపితే లాభం లేదు. ట్యాంక్ ఎప్పుడూ సగానికి తగ్గనివ్వకండి. ట్యాంక్ కింద మంట పెట్టి వేడి చేసే వాళ్లు కనిపిస్తారు. దయచేసి మీరు చేయకండి.

బ్యాటరీ సంగతి. గడ్డ కట్టే చలిలో బ్యాటరీ బలం బాగా పడిపోతుంది, మైనస్ 18 దగ్గర దాదాపు సగమే మిగులుతుంది. అదే టైమ్‌లో ఆయిల్ చిక్కబడి ఇంజిన్ తిప్పడానికి ఎక్కువ బలం కావాలి. కొత్త బండి కదా అని వదిలేయకండి, లోడ్ టెస్ట్ చేయించండి. జంపర్ కేబుల్స్ తీసుకెళ్లండి.

మూడోది టైర్లు. ఇక్కడ చాలామందికి ఒక భ్రమ ఉంది. మన దేశంలో ఎస్‌యూవీ అని అమ్మే బండ్లలో చాలావాటికి టూ వీల్ డ్రైవే ఉంటుంది. ఎత్తుగా ఉన్నంత మాత్రాన పట్టు రాదు. సరే, మీది ఫోర్ వీల్ డ్రైవ్ అనుకుందాం. అది మంచులో కదలడానికి పనికొస్తుంది. ఆగడానికి కాదు. బ్రేక్ అన్ని బండ్లకీ నాలుగు చక్రాలకే పడుతుంది, ఆపేది టైరే.

షోరూమ్ టైర్ రబ్బరు 7 డిగ్రీల కంటే కిందికి వెళ్తే గట్టిపడిపోతుంది. చలి కోసం చేసిన టైర్ మీద మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు పువ్వు గుర్తు ఉంటుంది. ఏడాదికి ఒక్క ట్రిప్ కోసం నాలుగు టైర్లు మార్చడం మనలో చాలామందికి కుదరదు, నాకూ కుదరలేదు. అలాంటప్పుడు అరగని మంచి టైర్లు, వాటి సైజుకి సరిపోయే స్నో చెయిన్లు తప్పనిసరి. ఫ్రంట్ వీల్ డ్రైవ్ అయితే ముందు చక్రాలకే వేయాలి. వేశాక మెల్లగా నడపాలి, తారు రోడ్డు రాగానే తీసేయాలి. వాటిని మొదటిసారి వేయడం మంచులో, వేళ్లు కొంకర్లు పోతుండగా నేర్చుకోవద్దు. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో మూడుసార్లు ప్రాక్టీస్ చేయండి. వాచ్‌మన్ నవ్వుతాడు, నవ్వనివ్వండి. కోడ్ అయినా ముందు మన సిస్టమ్‌లో రన్ చేశాకే కదా క్లయింట్‌కి ఇస్తాం.

గాలి విషయం. టెంపరేచర్ ప్రతి 5, 6 డిగ్రీలు పడితే టైర్‌లో సుమారు 1 పీఎస్ఐ తగ్గుతుంది. ఇంకోవైపు ఎత్తుకు వెళ్తే బయటి గాలి ఒత్తిడి తగ్గి, గేజ్‌లో అంకె కొంచెం పెరిగినట్టు చూపిస్తుంది. ఈ లెక్కలన్నీ మనకెందుకు? చిన్న ఇన్‌ఫ్లేటర్ ఒకటి కొనుక్కుని, రోజూ పొద్దున బండి కదిలించక ముందు చూసి సరిచేసుకోండి. అంతే.

నాలుగోది కంకర రోడ్డు. ఆ దారిలో చాలాచోట్ల తారు ఉండదు. పదునైన రాళ్లు టైర్ పక్క గోడని కోస్తాయి. అడుగున పడిన పంచర్‌కి ప్లగ్ వేయొచ్చు, పక్క గోడ కోసుకుపోతే టైర్ మార్చాల్సిందే. అందుకే ఈ రోజే డిక్కీ తెరిచి చూడండి. కొన్ని బండ్లకి స్టెప్నీ సన్నది ఇస్తారు, కొన్నిటికి అసలు ఉండదు, పంచర్ కిట్టే ఉంటుంది. ఫుల్ సైజ్ స్టెప్నీ సంపాదించండి. జాకీ, వీల్ స్పానర్, జాకీ కింద పెట్టడానికి చెక్క ముక్క, లాగడానికి తాడు. మీ బండికి తాడు కట్టే హుక్ ఎక్కడుందో కూడా చూసుకోండి. కొన్నిటికి అది విడిగా ఇస్తారు, బంపర్‌లో చిన్న మూత తీసి బిగించాలి.

ఇంజిన్ కింద చాలా బండ్లకి ప్లాస్టిక్ కవరే ఉంటుంది. అక్కడ లోహపు గార్డ్ వేయించుకుంటే ఖర్చుకి న్యాయం జరుగుతుంది. ముందు బుల్ బార్ మాత్రం వద్దు. కేంద్రం 2017 డిసెంబర్‌లోనే వాటిని చట్టవిరుద్ధం అంది.

కంకర మీద టైర్లు గోళీల మీద నడిచినట్టు జారతాయి. ఏబీఎస్ ఉన్నా ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. స్పీడ్ తగ్గించడం మలుపుకి ముందే అయిపోవాలి. ముందు బండికి దూరంగా ఉండండి, రాయి ఎగిరొచ్చి అద్దానికి తగులుతుంది. అద్దం మీద చిన్న చిట్లు ఉంటే కిందే రిపేర్ చేయించండి. చలిలో హీటర్ గాలి తగిలితే ఆ చిట్లే పొడుగు పగులు అవుతుంది. గడ్డ కట్టిన అద్దం మీద వేడి నీళ్లు అసలు పోయొద్దు.

ఐదోది మంచులో నడపడం. తెల్లగా కనిపించే మంచు కంటే కనపడనిది ప్రమాదం. ఎండ పడని మలుపుల్లో, వాగు నీళ్లు రోడ్డు దాటే చోట పల్చటి ఐస్ పొర ఉంటుంది. చూడ్డానికి తడి రోడ్డులా ఉంటుంది, అంతే. పొద్దున్నే బయల్దేరే హైవే అలవాటు ఇక్కడ మానేయండి. ఎండ వచ్చాక కదిలి, చీకటి పడకముందే చేరండి. దిగేటప్పుడు తక్కువ గేర్‌లో ఇంజినే బండిని పట్టుకునేలా దిగండి. స్టీరింగ్, బ్రేక్, యాక్సిలరేటర్ ఏదైనా మెత్తగా. యాక్సిలరేటర్ తొక్కుతున్న పాదం కింద గుడ్డు ఉందనుకోండి.

రాత్రి పార్కింగ్‌లో హ్యాండ్ బ్రేక్ వేస్తే పొద్దునకి అది గడ్డ కట్టి ఊడకపోవచ్చు. చదునైన చోట గేర్‌లో పెట్టి, చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టండి. వైపర్లు పైకి లేపి ఉంచండి.

చివరిది, అన్నిటికంటే ముఖ్యం. మంచులో ఇరుక్కుపోతే ఇంజిన్, హీటర్ ఆన్‌లో పెట్టి నిద్రపోవద్దు. సైలెన్సర్ చుట్టూ మంచు పేరుకుంటే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. ముందు పార తీసి సైలెన్సర్ దగ్గర మంచు తవ్వండి, అప్పుడప్పుడు కాసేపే ఇంజిన్ నడపండి, అద్దం కొంచెం దించి ఉంచండి. అందుకే డిక్కీలో పార, దుప్పట్లు, తిండి, నీళ్లు, టార్చ్ ఉండాలి. ఇవన్నీ కలిపినా నా లైట్ బార్ ధర అవ్వదు.

ఆ కిన్నౌర్ భయ్యా బండి గురించి చెప్పి ముగిస్తా. పాత పికప్. పెయింట్ పోయింది, ఒక డోర్ సొట్ట. కానీ చెయిన్లు సీటు వెనకే, పార చేతికందేలా, కూలెంట్ డబ్బా కాళ్ల దగ్గర. మా దుప్పట్లు చాలవని తన కంబళి కూడా ఇచ్చాడు. డబ్బులు ఇస్తే తీసుకోలేదు. వెళ్తూ వెళ్తూ మా లైట్ బార్ వైపు చూసి, "ఇది రాత్రి బాగా వెలుగుతుందా?" అని అడిగాడు. వెలుగుతుంది భయ్యా అన్నాను. "మంచిది, కానీ రాత్రి నడపకండి" అన్నాడు.

ఈ వారం మీ బండి బానెట్ ఒకసారి ఎత్తి, కూలెంట్ ట్యాంక్ ఎక్కడుందో చూడండి చాలు. మిగతావి అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు. జాగ్రత్తగా వెళ్లి రండి, ఇంట్లో వాళ్లకి రూట్ చెప్పి వెళ్లండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.