వద్దనడంలో భేదాలు: అయిష్టం, విముఖత, జుగుప్స

మాదాపూర్ పరిసరాల్లోని ఒక ఐటీ కార్యాలయ భోజనశాలలో నలుగురు ఉద్యోగులు ఒకే బల్ల వద్ద కూర్చున్నారని అనుకుందాం. ఒకరు కాకరకాయ వేపుడును చేదని పక్కకు నెట్టారు. రెండవవారు గుడ్డు బిర్యానీ వైపు చూడలేకపోతున్నారు. కిందటి నెలలో అది తిన్న రాత్రే వారికి వాంతులయ్యాయి. మూడవవారికి వేరుసెనగ పచ్చడి ప్రాణం, కానీ తింటే ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి కనుక ముట్టలేదు. నాలుగవవారు గుత్తివంకాయ కూరను ఇష్టంగా తింటూ, సగం కొరికిన కాయలో పురుగు కనిపించగానే పళ్ళెం మొత్తం వదిలి లేచారు. భోజనం ముగిసేసరికి నాలుగు పదార్థాలూ ఒకే బుట్టలో పడ్డాయి. వంటశాల లెక్కలో అవన్నీ మిగులే.

వ్యవసాయ పరిశోధనకు ఈ లెక్క చాలదు. నాలుగు తిరస్కారాలకూ కారణాలు వేరు, వాటిని తొలగించే మార్గాలు వేరు. కారణం తెలియకుండా 'వినియోగదారునికి నచ్చలేదు' అనే ఒక్క మాట పొలానికి చేరితే రైతు తప్పు మందు కొడతాడు, ప్రజనన శాస్త్రవేత్త అనవసరమైన లక్షణం కోసం వెదుకుతాడు. 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి ఈ ప్రాంతానికి దేశం నలుమూలల నుండి జనం వచ్చి చేరారు. ఆవనూనె ఘాటు, ఎండుచేపల వాసన, ఇంగువ, కొబ్బరినూనె వంటకం ఒకే అంతస్తులో కలుస్తున్నాయి. ఒకరికి నోరూరించేది మరొకరికి ముక్కు మూసుకునేట్లు చేస్తుంది. ఆహార తిరస్కారాన్ని పరిశీలించడానికి ఇంతకంటే అనువైన చోటు మన రాష్ట్రంలో అరుదు.

మన భాషలో ఈ భేదాలకు మాటలు ముందే ఉన్నాయి. రుచించకపోవడం అరుచి. అతిగా తిన్నందువల్ల కలిగేది వెగటు. మొహం మొత్తింది అంటాము. చూడగానే కడుపులో తిప్పినట్లయ్యేది రోత, ఏవగింపు. నాట్యశాస్త్రం బీభత్స రసానికి స్థాయీభావంగా చెప్పిన జుగుప్స ఇదే. నిత్య వ్యవహారంలో వీటన్నిటినీ కలిపి 'నచ్చదు' అనేస్తాము. మనస్తత్వ శాస్త్రంలో ఈ విభజనను స్పష్టంగా నిలిపినవారు పాల్ రోజిన్, ఏప్రిల్ ఫాలన్. వారి 1987 నాటి వ్యాసంలోని వర్గీకరణ తరువాతి పరిశోధనకు పునాది అయింది. ఇంద్రియానికి నచ్చకపోవడం, హాని కలుగుతుందనే భయం, అసలు ఆహారమే కాదనే భావన, జుగుప్స అనేవి ఆ వర్గాలు. మూసీ ఒడ్డున పశువుల కోసం పెంచే పారా గడ్డిని మనము తినము. అయితే దాన్ని చూసి అసహ్యించుకోము; అది మన ఆహారం కాదని మాత్రమే అనుకుంటాము. తినకపోవడం వేరు, రోత పడడం వేరు అనడానికి ఇది చాలును.

అయిష్టం: నాలుక తీర్పు

సాధారణమైన అయిష్టం నోటిలో పుట్టి నోటిలోనే ముగుస్తుంది. చేదు, వగరు, మితిమీరిన పులుపు, జిగురు దీనికి కారణాలు. కొంత భాగం పుట్టుకతోనే వస్తుంది. అప్పుడే పుట్టిన శిశువు నాలుకపై చేదు చుక్క వేస్తే ముఖం ముడుచుకుంటుంది. మనిషికీ మనిషికీ తేడా కూడా ఉంటుంది. పీటీసీ అనే రసాయనం కొందరికి కటిక చేదుగా ఉంటే మరికొందరికి రుచే తెలియదని 1931లో ఆర్థర్ ఫాక్స్ గమనించాడు. దానికి ప్రధాన కారణమైన జన్యువును 2003లో గుర్తించారు.

అయిష్టం తరచు పరిచయంతో కరుగుతుంది. 1982లో పాట్రిషియా ప్లైనర్ కొత్త పండ్ల రసాలను మళ్ళీ మళ్ళీ రుచి చూపించగా, ఎక్కువసార్లు రుచి చూసిన రసమే ఎక్కువగా నచ్చింది. మన ఇళ్ళలో కాకరకాయకు బెల్లం, చింతపండు చేర్చడం, ఉప్పు రాసి పిండడం ఈ మార్గమే. వండే పద్ధతి మారితే అయిష్టం మారుతుంది.

చిరుధాన్యాల సంగతి ఇక్కడ కొంత వివరంగా చెప్పవలసి ఉంది. రాజేంద్రనగర్‌లోని భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ, పటాన్‌చెరులోని ఇక్రిశాట్, రెండూ ఐటీ కారిడార్‌కు చెరొకవైపున ఉన్నాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం చిరుధాన్యాలను పోషక ధాన్యాలుగా ప్రకటించింది. 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం. అయినా భోజనశాలలో సజ్జ రొట్టె మిగిలిపోతే 'జనానికి అలవాటు లేదు' అని సరిపెట్టుకుంటాము. ఒక్కొక్కప్పుడు దోషం అలవాటుది కాదు, పిండిది. సజ్జలో కొవ్వు ఎక్కువ. గింజను పిండి చేయగానే లైపేజ్ అనే ఎంజైము ఆ కొవ్వును విడగొట్టడం మొదలుపెడుతుంది. కొద్ది రోజులకే పిండికి ముక్కిన వాసన, చేదు వస్తాయి. ఆ పిండితో చేసిన రొట్టెను వద్దన్నవారు సజ్జను వద్దనలేదు, పాడైన పిండిని వద్దన్నారు. పోషక విలువలపై ఎన్ని గోడపత్రికలు అంటించినా ఈ తిరస్కారం పోదు. గింజను వేడి నీటిలో కొద్దిసేపు ఉంచి ఆరబెట్టి ఎంజైమును నిర్వీర్యం చేయడం, ఏ రోజు పిండిని ఆ రోజు వాడడం దీనికి మందు.

జొన్న కథ వేరు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చిన తరువాత వరి అన్నం ఇంటింటి తిండి అయింది. జొన్న గటక, జొన్న రొట్టె పేదరికపు గుర్తులుగా మిగిలాయి. గటకను వద్దన్న తరానికి దాని రుచితో పేచీ లేదు; 'ఇది ఇప్పుడు మన తిండి కాదు' అన్నదే వారి భావం. అదే జొన్న నేడు గచ్చిబౌలి ఫలహారశాలలో హెచ్చు ధరకు అమ్ముడుపోతున్నది. గింజ మారలేదు, గౌరవం మారింది. దీన్ని అయిష్టంగా లెక్కించి తీపి జొన్న రకం కోసం పరిశోధించడం వృథా శ్రమ.

విముఖత: కడుపు జ్ఞాపకం

గుడ్డు బిర్యానీని చూడలేకపోతున్న ఉద్యోగి సమస్య నాలుకది కాదు. దీన్నే నేర్చుకున్న రుచి విముఖత అంటారు. 1955లో జాన్ గార్సియా, ఆయన సహచరులు ఎలుకలకు శాకరిన్ కలిపిన తీపి నీరు తాగిస్తూ వికిరణానికి గురిచేశారు. ఆపై ఆ ఎలుకలు తీపి నీటిని వదిలి మామూలు నీటినే తాగాయి. 1966లో వారు మరొక విషయం చూపారు. వెలుతురును, శబ్దాన్ని ఎలుకలు విద్యుత్ ఘాతంతో సులభంగా ముడిపెడతాయి గాని జబ్బుతో ముడిపెట్టవు. రుచిని మాత్రం జబ్బుతోనే ముడిపెడతాయి. తిన్న తరువాత కొన్ని గంటలకు జబ్బు చేసినా, ఒక్కసారే జరిగినా ఆ ముడి పడిపోతుంది.

ఇందులో తెలివికి పాత్ర స్వల్పం. ఆ రాత్రి వాంతులకు కారణం వైరస్ జ్వరమే అని వైద్యుడు చెప్పినా బిర్యానీ వాసనకు వికారం ఆగదు. కీమోథెరపీ తీసుకునే పిల్లలు చికిత్సకు ముందు తిన్న కొత్త ఐస్‌క్రీమును తరువాత వద్దన్నారని ఇలీన్ బెర్న్‌స్టీన్ 1978లో చూపింది. ఐస్‌క్రీము ఏ పాపమూ ఎరుగదు.

వేరుసెనగ వదిలిన ఉద్యోగితో పోలిస్తే ఈ విషయం మరింత తేటపడుతుంది. మార్సియా పెల్చాట్, రోజిన్ 1982లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, ఒక ఆహారం వల్ల వికారం, వాంతి కలిగినవారికి దాని రుచే చెడుతుంది. దద్దుర్లు, ఇతర బాధలు కలిగినవారు దాన్ని మానుకుంటారు గాని దాని రుచిని ప్రేమిస్తూనే ఉంటారు. మొదటిది విముఖత, రెండవది కేవలం జాగ్రత్త. అలర్జీ ఉన్నవారికి 'కొద్దికొద్దిగా అలవాటు చేసుకో' అని సలహా చెప్పడం ప్రాణాంతకం కావచ్చు. కాకరకాయకు పనికివచ్చే మందు వేరుసెనగకు పనికిరాదు.

జుగుప్స: మనసు తీర్పు

వసతిగృహాల్లో చదువుకున్నవారికి బల్లి పడిన సాంబారు కథ తెలియనిది కాదు. అందరూ తినేసి చేతులు కడుక్కున్నాక గిన్నె అడుగున బల్లి కనిపిస్తుంది. నిమిషాలలో ఒకరు, ఆ వెంటనే పదిమంది వాంతి చేసుకుంటారు. మన ఇళ్ళ గోడలపై తిరిగే బల్లికి విషం లేదు. దాని నుండి సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులు సోకవచ్చుననేది నిజమే. కానీ వాటి ప్రభావం కనిపించడానికి గంటలు పడుతుంది. నిమిషాలలో వచ్చిన వాంతికి కారణం వార్త. అంతవరకు రుచిగా ఉన్న సాంబారు, రుచిలో ఏ మార్పూ లేకుండానే తినరానిదయింది.

జుగుప్స లక్షణం ఇదే. అది పదార్థం ఎలా ఉన్నదని అడగదు. అది ఏమిటి, ఎక్కడి నుండి వచ్చింది, దేన్ని తాకింది అని అడుగుతుంది. లీటరు మజ్జిగలో కాకర రసం ఒక బొట్టు పడితే ఎవరికీ పట్టదు. బొద్దింక కాలు ఒకటి పడితే లీటరంతా పోతుంది. 1986లో రోజిన్ బృందం క్రిమిరహితం చేసిన చచ్చిన బొద్దింకను పండ్లరసంలో ముంచి తీసి ఇచ్చింది. హాని లేదని చెప్పినా ఆ రసంపై ఇష్టం తగ్గిపోయింది. కుక్క మలం ఆకారంలో పోసిన చాక్లెట్ మిఠాయిని కూడా జనం వద్దన్నారు. రెండేళ్ళలోపు పిల్లలకు ఈ బాధ లేదు, ఏది దొరికినా నోట పెట్టుకుంటారు. చేదుపై అయిష్టం పుట్టుకతో వస్తే, జుగుప్స పెంపకంతో వస్తుంది.

మనకు ఎంగిలి అనే మాట ఉండడం వల్ల ఈ అంటుడు గుణం వివరించడం తేలిక. చార్లెస్ డార్విన్ 1872 నాటి గ్రంథంలో తన అనుభవం ఒకటి రాశాడు. టియెరా డెల్ ఫ్యూగోలో ఆయన తింటున్న చల్లని మాంసాన్ని ఒక స్థానికుడు వేలితో తాకి, దాని మెత్తదనానికి అసహ్యించుకున్నాడు. ఆ వేలు మురికిగా కనిపించకపోయినా, తన తిండిని అతడు తాకినందుకు డార్విన్ అసహ్యించుకున్నాడు. ఒకే ముక్క, ఇద్దరికీ రోత, కారణాలు వేరు. డార్విన్ పడిన రోతలో ఆహారం కంటే మనిషిపై తీర్పే ఎక్కువ. అపార్ట్‌మెంటు లిఫ్టులో ఎండుచేపల వాసనపై వచ్చే ఫిర్యాదులను చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోదగినది.

పుచ్చు వంకాయ వెల

జుగుప్సకు పొలంలో వెల కట్టేది రైతు. మేడిపండు పేరు చెప్పగానే పురుగు గుర్తుకు వచ్చే జాతి మనది. కూకట్‌పల్లి రైతుబజారులోనైనా, ఫోనులో కూరగాయలు తెప్పించుకునే కొండాపూర్ ఇంటిలోనైనా వంకాయకు పెట్టే మొదటి పరీక్ష చిల్లు ఉన్నదా లేదా అన్నదే. బజారులో కొనేవారు కాయను తిప్పి చూసి తామే ఏరుకునేవారు. ఫోను వ్యాపారంలో ఆ ఏరివేత సేకరణ కేంద్రానికి మారింది. చిల్లున్న కాయ నగరానికే రాదు, నష్టం రైతు గంపలోనే మిగిలిపోతుంది.

మొవ్వు, కాయ తొలుచు పురుగు గుడ్డు నుండి వెలువడిన కొద్ది సేపటికే లోపలికి తొలుచుకుపోతుంది. ఒకసారి కాయలో చేరాక పైన కొట్టిన మందు దానికి సులభంగా అందదు. కనుక అది చేరక ముందే చంపాలని రైతు పదే పదే పిచికారీ చేస్తాడు. వంగలో కోతకూ కోతకూ మధ్య కొద్ది రోజులే ఉంటాయి; మందు కొట్టిన తరువాత ఆగవలసిన గడువు ఆ మధ్యలో ఇమడదు. ఫలితంగా నిగనిగలాడే, చిల్లు లేని కాయ అవశేషాలతో వంటింటికి చేరే అవకాశం పెరుగుతుంది. పైపై అవశేషాలు కడిగితే కొంత పోతాయి. కాయలోకి ఇంకినవి పోవు.

ఉడికిన పురుగులో విషం లేదు. (తినమని చెప్పడం లేదు, నేనూ తినను.) పుచ్చు భాగాన్ని కోసి పారవేస్తే మిగిలిన కాయ కూరకు పనికివస్తుంది. అవశేషానికి రంగు లేదు, కాళ్ళు లేవు, అది కదలదు. అందుచేత దానిపై ఎవరికీ రోత పుట్టదు. కంటికి కనిపించే స్వల్ప దోషం నుండి తప్పించుకోవడానికి కనిపించని పెద్ద దోషాన్ని కొని తెచ్చుకుంటున్నాము. నా దృష్టిలో ఈ విషయంలో రైతును మాత్రమే తప్పుపట్టే ఉపన్యాసాలు సగం నిజమే చెబుతున్నాయి. లింగాకర్షక బుట్టలు, పురుగు సోకిన మొవ్వులను తుంచి నాశనం చేయడం, అవసరమైనప్పుడే పిచికారీ వంటి సమగ్ర యాజమాన్య పద్ధతులు ఉన్నాయి. అవి పురుగును తగ్గిస్తాయి గాని పూర్తిగా లేకుండా చేయవు. గంపలో నాలుగు పుచ్చులను సహించని బజారు ఈ పద్ధతులను బతకనివ్వదు.

మూసీ నీటితో పండే ఆకుకూరల విషయంలో జుగుప్స, ప్రమాదం చాలావరకు ఒకే వైపు ఉన్నాయి. శుద్ధి చేయని మురుగులో పరాన్నజీవుల గుడ్లు, భార లోహాలు ఉండవచ్చు. వండితే మొదటివి చస్తాయి, రెండవవి పోవు. అయితే నీటిని శుద్ధి చేసినా రోత మిగులుతుంది. అమెరికాలో రోజిన్ బృందం 2015లో ప్రచురించిన సర్వేలో, సురక్షితమని ధ్రువీకరించిన పునర్వినియోగ జలాన్ని రుచి చూడడానికి 13 శాతం మంది ససేమిరా అన్నారు. ఐటీ కారిడార్ గృహసముదాయాల్లో శుద్ధిచేసిన నీరు పూలమొక్కలకు అభ్యంతరం లేకుండా పోతుంది. అదే నీరు తోటకూర మడికి పెడతామంటే ఎందరు ఒప్పుకుంటారో అడిగి చూడవచ్చు.

అడిగే పద్ధతి గురించి ఒక సూచన. ఇంద్రియ పరీక్షల్లో మనము వాడే తొమ్మిది అంకెల ఇష్టత మాపకం ఎంత నచ్చలేదో చెబుతుంది, ఎందుకు నచ్చలేదో చెప్పదు. తక్కువ అంకె వేసినవారిని అదనంగా మూడు ప్రశ్నలు అడగడం కష్టం కాదు. వండే తీరు మారిస్తే తింటారా? ఇది తిన్నాక ఎప్పుడైనా వాంతి అయిందా? ఇది తాకిన వేరొక పదార్థాన్ని తింటారా? మొదటిదానికి అవునంటే ఆ ఫలితం వంటశాలకు, ప్రజననానికి పనికివస్తుంది. రెండవదానికి అవునంటే ఆ వ్యక్తి అంకెను వేరుగా లెక్కించాలి. మూడవదానికి కాదంటే రకం మార్చి ప్రయోజనం లేదు. ఆ పదార్థం ఎక్కడ, ఎవరి చేతుల మీదుగా, ఏ నీటితో వచ్చిందని వారు అనుకుంటున్నారో ముందు తెలుసుకోవాలి.