తుంటి విరిగితే మంచమే గతి కాదు

తెల్లవారుజామున బాత్‌రూమ్‌కి లేచిన నాయనమ్మ కాలు జారి పడింది. లేవలేకపోయింది. ఒక కాలు కాస్త పొట్టిగా, పాదం బయటికి వాలినట్లు కనబడుతోంది. ఇంట్లోవారు నూనె రాశారు. ఒకరు నాటు కట్టు కట్టించమన్నారు. "ఈ వయసులో ఆపరేషన్ తట్టుకుంటుందా?" అని మరొకరు భయపడ్డారు. ఆలోచనలోనే వారం గడిచిపోయింది.

ప్రియమైన పాఠకులారా, ఇలాంటిది మీ ఇంట్లోనో, మీ వీధిలోనో జరిగే ఉంటుంది. ఆ భయం ప్రేమలోంచి వచ్చిందే. కాని పోగొట్టుకున్న ఆ వారం చాలా విలువైనది.

చిన్న దెబ్బకే ఎందుకు విరుగుతుంది?

వయసు పెరిగేకొద్దీ, ముఖ్యంగా స్త్రీలలో ముట్లు ఆగిన తరువాత, ఎముకలు లోలోపల గుల్లబారతాయి. దీనినే ఆస్టియోపోరోసిస్ అంటారు. నొప్పి ఉండదు, కాబట్టి ఎముక విరిగేదాకా తెలియదు. మన ప్రాంతం ఎండకు కొదువ లేనిదే అయినా, తిరుపతి స్విమ్స్ వైద్యులు 2008లో ప్రచురించిన పరిశోధనలో పల్లెల్లోనూ పట్టణాల్లోనూ చాలామందికి విటమిన్ డి లోపం ఉన్నట్లు, ఆహారంలో కాల్షియం తక్కువైనట్లు తేలింది.

మంచాన ఉంచితే ఏమవుతుంది?

చేతికి కట్టినట్లు తుంటికి కట్టు కట్టి ఎముకను కదలకుండా ఉంచలేము. కదలలేని వృద్ధులకు పడక పుండ్లు, న్యుమోనియా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, కాళ్లలో రక్తం గడ్డకట్టడం వంటివి వస్తాయి. ప్రాణం మీదికి వచ్చేది ఎక్కువగా వీటివల్లనే.

ఆపరేషన్ ఎంత త్వరగా?

భారతదేశంతో సహా 17 దేశాల్లోని 69 ఆసుపత్రుల్లో 2,970 మంది తుంటి విరిగిన రోగులపై జరిగిన పరిశోధన ఫలితాలు 2020లో వెలువడ్డాయి. కొందరికి సుమారు 6 గంటల్లో, మిగిలినవారికి సుమారు 24 గంటల్లో ఆపరేషన్ చేశారు. మరణాలలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అయితే త్వరగా చేయించుకున్నవారిలో మతి తప్పి కలవరించడం, మూత్రపు ఇన్‌ఫెక్షన్ తగ్గాయి. వారు ముందుగా లేచి నిలబడ్డారు, ముందుగా ఇంటికి వెళ్లారు. గమనించండి, అక్కడ పోలిక గంటల మధ్య. మన ఇళ్లలో ఆలస్యం వారాలు! బ్రిటన్‌లో ఆసుపత్రికి వచ్చిన రోజే లేదా మరునాడే ఆపరేషన్ చేయాలన్నది నియమం. గుండె జబ్బు, షుగర్ ఉన్నవారిని డాక్టర్లు పరీక్షించి, అవసరమైన జాగ్రత్తలతో చేస్తారు. సాధారణంగా మరునాడే వాకర్ పట్టించి నిలబెడతారు.

అంతటితో అయిపోలేదు

చాలా కుటుంబాలు ఇక్కడే మరచిపోతాయి. విరిగిన ఎముకను సరిచేశాం, గుల్లబారిన ఎముకల సంగతేమిటి? 2007లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, తుంటి ఆపరేషన్ అయిన 2,127 మందిలో సగంమందికి ఏడాదికి ఒకసారి జోలెడ్రోనిక్ యాసిడ్ అనే మందును సెలైన్ లాగా ఎక్కించారు. సుమారు రెండేళ్లలో, మందు తీసుకోనివారిలో నూటికి 14 మందికి మళ్లీ ఏదో ఒక ఎముక విరిగితే, తీసుకున్నవారిలో 9 మందికే విరిగింది. మరణాలు కూడా నూటికి 13 నుండి 10కి తగ్గాయి. ఈ మందు అందరికీ సరిపడదు. ముందుగా మూత్రపిండాలు, కాల్షియం, విటమిన్ డి పరీక్షిస్తారు. కాబట్టి కుట్లు విప్పించుకునే రోజున, "ఎముకల బలానికి ఏ మందు వాడాలి డాక్టరు గారూ?" అని తప్పక అడగండి.

గుర్తుంచుకోండి

- పడిన పెద్దవారు లేవలేకపోతే మర్దన చేయవద్దు. కాలు కదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి.
- వాడుతున్న మందుల చీటీలన్నీ వెంట తెండి. రక్తం పలుచబడే మందు వాడుతుంటే ముందే చెప్పండి.
- బాత్‌రూమ్‌లో నాచు లేకుండా చూడండి, పట్టుకోవడానికి గోడకు కడ్డీ బిగించండి, రాత్రి దీపం ఉంచండి.
- రాగిజావ, పాలు, పెరుగు, నువ్వులు రోజువారీ భోజనంలో ఉండనివ్వండి. కాసేపు ఎండలో నడిపించండి.
- పొగాకు, సారా మానిపించండి.

మన పెద్దలు మళ్లీ తమ కాళ్లపై గడప దాటి రావాలంటే, పడిన రోజునే నిర్ణయం తీసుకోవాలి.