క్యాన్సరు చికిత్స తొలిదినములలో కలుగు బాధలు, వాని ఉపశమనము



పూర్వులు రాచపుండని భయపడిన క్యాన్సరు పేరు నేడు మన గ్రామములలో విననివారు లేరు. వ్యాధిని తొలిదశలోనే కనిపెట్టి చికిత్స చేయించుకొన్నవారిలో అనేకులు కోలుకొని తమ పనులు తాము చేసికొనుచున్నారు. అయినను, మొదటిమారు మందెక్కించుకొని యిల్లు చేరినవారు కొందరు వాంతులకును, నోటిపూతకును, జుట్టు రాలుటకును జడిసి రెండవమారు ఆసుపత్రికి పోవుట మానుదురు. నడుమ మానిన చికిత్స, సగము చేను కలుపు తీసి విడిచిన సేద్యము వంటిది. కావున వేనిని ఇంటివద్ద తగ్గించుకొనవచ్చునో, దేనికి ఆసుపత్రికి పరుగెత్తవలెనో ప్రతి కుటుంబమువారును ఎరిగియుండవలెను.

బాధలేల కలుగును?

క్యాన్సరు మందులు వేగముగా పెరుగు కణములను చంపును. వెండ్రుకల కుదుళ్లు, నోటిలోని పొర, ప్రేగుల పొర, ఎముకలలోని మూలుగ, ఇవియు వేగముగనే పెరుగునట్టివి. జొన్నచేలో గుంటక తోలునపుడు కలుపుతోపాటు కొన్ని పైరుమొక్కలును దెబ్బతినునట్లు, వీనికిని దెబ్బ తగులును. పైరు తేరుకొన్నట్లే ఇవియు తేరుకొనును. ఆ వ్యవధి నిచ్చుటకే అనేక మందులను మూడేసి వారముల కొకమారు ఎక్కింతురు.

ఇట్టి మందులలో నొకటి మన తెలుగువాని కృషివలన లభించినదే. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున నడపిన పరిశోధనల ఫలముగా మెథోట్రెక్సేటు వెలువడినది. ఆయన 1948లో గతించినను ఆ మందు నేటికిని వాడుకలో నున్నది. అదియు నోటిపూత కలిగించునదే. బాధ కలిగించినంత మాత్రమున మందు చెడ్డదని తలపరాదు.

ఇంటివద్ద చేయదగినవి

వాంతి మాత్రలను వాంతియైన పిదప గాక, వైద్యులు చెప్పిన వేళకు ముందుగనే మ్రింగవలెను. రెండుపూటల కడుపునిండ తినుటకంటె కొంచెము కొంచెముగ ఐదారు మారులు తినుట మేలు. రోగికి పథ్యమని చారునీళ్ల అన్నము మాత్రమే పెట్టు వాడుక ఇచ్చట కీడు చేయును. పప్పు, బాగుగా ఉడికిన గ్రుడ్డు, కాచిన పాలు, రాగిజావ వంటి బలమైన ఆహారము అప్పటికప్పుడు వండి పెట్టవలెను.

నోరు పూసినచో లీటరు గోరువెచ్చని నీటిలో చెంచాడు ఉప్పు, చెంచాడు తినుసోడా కలిపి దినమునకు నాలుగైదు మారులు పుక్కిలించి ఉమిసివేయవలెను. కారము, ఊరగాయ, పొగాకు విడువవలెను. నీళ్ల విరేచనములైనచో ఓ.ఆర్.ఎస్. పొట్లమొకటి లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి త్రాగవలెను. తగ్గనిచో వైద్యునకు తెలుపవలెను. జుట్టు అన్ని మందులకును రాలదు. రాలినను చికిత్స ముగిసిన కొన్ని నెలలకు సాధారణముగా మరల మొలచును.

బాధ హెచ్చినచో మోతాదు తగ్గించుటయు, గడువు మార్చుటయు వైద్యుని చేతిలో నున్నవి. చెప్పకున్న నాతడేమియు చేయజాలడు. ఆకుపసరులు, నాటుమందులు వాడువారు ఆ సంగతియు దాచరాదు. వానిలో కొన్ని కాలేయమును చెరచును.

జ్వరమునకు ఆలస్యము పనికిరాదు

మందెక్కించిన పిదప సుమారు ఏడవ దినము మొదలు పదునాలుగవ దినము వరకు రక్తములోని తెల్లకణములు మిక్కిలి తగ్గియుండును. ఆ సమయమున సూక్ష్మజీవి సోకినచో గంటలలోనే ప్రాణము మీదికి రావచ్చును. కావున ఇంట జ్వరమానిని ఉంచుకొనవలెను. ఏ దినమున నైనను 100.4 డిగ్రీలు చూపినను, చలి, వణకు పుట్టినను, అర్ధరాత్రియైనను ఆసుపత్రికి పోవలెను. తెల్లవారనిమ్మని ఊరకుండరాదు. పారాసెటమాలు మ్రింగి కాచుకొనియుండరాదు. జ్వరము అణగును గాని లోపలి వ్యాధి అణగదు. వాహనము లేనివారు 108కి ఫోను చేయవలెను. అచ్చటివారితో మొట్టమొదట "క్యాన్సరు మందులు ఎక్కించుకొనుచున్నాము" అని చెప్పి, చికిత్స కాగితములు చూపవలెను.

సేద్యగాండ్రకు ప్రత్యేకముగా

చికిత్స కాలమున రోగి పేడ ఎత్తుట, ఎరువుకుప్ప తిరుగవేయుట, వట్టికాళ్లతో బురదలో దిగుట, పురుగుమందు చల్లుట మానవలెను. మందెక్కించిన రెండు దినములవరకు రోగి వాంతిలోను, మలమూత్రములలోను మందు వెడలును. వానిని శుభ్రపరచువారు చేతి తొడుగులు వేసికొని, పిదప సబ్బుతో చేతులు కడుగుకొనవలెను.

సంఘ సభ్యులకు విజ్ఞప్తి

పైరు అదనులో నున్నపుడు పొలము విడిచి రాలేకయే పలువురు చికిత్సకు గడువు తప్పుదురు. ఇరుగుపొరుగు సభ్యులు ఆ దినమున రోగి పొలమునకు ఒక తడి పెట్టి, పశువులకు మేత వేసినచో ఆ గడువు తప్పదు. పరస్పర సాయమే మన సంఘమునకు పునాది గదా! రోగి యున్న యింటి తలుపు తట్టి, "మరల ఎన్నడు పోవలెను?" అని అడుగుడు. ఆ దినమును మీరును గుర్తుంచుకొనుడు.