సూర్యోదయ ఆరాధనకు ఫ్లడ్ లైట్లా?

ఈస్టర్ వేకువన విశాఖ తీరంలో ఆరాధనకు కూడుకునే సంఘాలు ఒక సంగతి తెలుసుకోవాలి. మనం చాపలు పరిచే పొడి ఇసుక కిందే అప్పటికి ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్లు ఉండవచ్చు.

జనవరి మొదలు మార్చి వరకు తల్లి తాబేలు రాత్రివేళ ఒడ్డుకెక్కి, గొయ్యి తవ్వి, సుమారు 100 గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతుంది. ఆ తరువాత 45 నుండి 60 రోజులు వాటిని పొదిగేది ఇసుక వేడిమే. ఆ వేడి హెచ్చితే ఆడవి, తగ్గితే మగవి ఎక్కువగా పుడతాయి.

పిల్లలు ఎక్కువగా చీకట్లోనే బయటికి వస్తాయి. కాంతి కనిపించే దిక్కే సముద్రమని వాటికి పుట్టుకతోనే తెలుసు. బీచ్ రోడ్డు దీపాలు, మన జనరేటర్ లైట్లు ఆ తెలివిని తప్పుదారి పట్టిస్తాయి. పిల్లలు రోడ్డు వైపు పాకుతాయి. సూర్యోదయం చూడటానికి వెళ్లి అన్ని లైట్లు ఎందుకో నాకైతే బోధపడదు.

అటవీ శాఖ గుడ్లను సేకరించి, కంచె వేసిన హేచరీల్లో కాపాడుతోంది. కానీ అన్ని గూళ్లూ దొరకవు. అందుకే ఈసారి స్థలం ఎంచుకునే ముందు సంఘ పెద్దలు ఆ సిబ్బందిని అడగండి. తెల్లవారేవరకు లైట్లు ఆపండి. టీ కప్పులు తిరిగి తీసుకెళ్లండి. పాకుతున్న పిల్ల కనిపిస్తే ఫోటో కోసం చేతిలోకి తీసుకోకండి, దారి వదలండి.