జామాయిల్ పెరిగింది, కూలి తరిగింది

కరీంనగర్ చెలకల్లోనో, ఆదిలాబాద్ అడవి అంచునో జామాయిల్ తోటలోకి మేకను తోలి చూడండి. ఆకు వాసన చూసి మొహం తిప్పుకుంటుంది. కంచె అక్కర్లేదు, కాపలా అక్కర్లేదు. ఈ ఆస్ట్రేలియా చెట్టు అధికారులకూ ఆసాములకూ నచ్చింది అందుకే. మేకలు కాసుకునేవాడికి నచ్చనిదీ అందుకే.

బయటి చెట్టును పరీక్షించే పద్ధతి ఒకటుంది. దాని పుట్టినింట పలుచోట్ల నుంచి విత్తనం తెచ్చి పక్కపక్క మడుల్లో నాటుతారు. ఎన్ని బతికాయో, ఎంత ఎత్తు, ఎంత లావు పెరిగాయో ఏటా కొలుస్తారు. క్వీన్స్‌లాండ్‌లోని పెట్‌ఫోర్డ్ విత్తనం ఎండ దేశాల్లో బాగా పెరుగుతుందని తేలింది ఇలాగే. మంచి శాస్త్రమే, కాదనం. కానీ ఆ చెట్టు కింద గడ్డి ఎంత మొలిచింది, కూలి ఎన్ని దినాలు దొరికింది అని రాసుకునే గడి ఆ పుస్తకంలో ఏదీ?

మెక్సికో నుంచి వచ్చిన సుబాబుల్ ఇంకో తీరు. ఆకు పశువులు తింటాయి, భూమికి నత్రజని ఇస్తుంది. అద్భుత వృక్షమని ఊరేగించారు. 1988లో సిల్లిడ్ అనే రసం పీల్చే పురుగు దేశంలోకి వచ్చి చిగుళ్లన్నీ మాడ్చింది. అంతకుముందు కొలిచిన ఎత్తులు ఆ పురుగును చూసినవి కావు.

ఇంతకూ ఈ కర్ర ఎవరికి? నైజాం కాలంలో పుట్టిన కాగజ్‌నగర్ సిర్పూరు మిల్లు మొదట వెదురు మీద బతికింది. తర్వాత కాగితం మిల్లుల కన్ను జామాయిల్, సుబాబుల్ మీద పడింది. సిర్పూరు మిల్లు 2014లో మూతపడింది, 2018లో చేతులు మారింది. అన్నాళ్లూ దాన్ని నమ్ముకున్న రైతు కర్ర ఎవరికి అమ్మాలి? పట్నంలో ఉండే ఆసామి నాలుగేండ్లు ఆగగలడు. రెండెకరాల రైతు ఆగలేడు.

కూలి సంగతి ఇంకా ఘోరం. పత్తి చేనైతే కలుపు తీత, ఏరుడు, ఏటా ఆడోళ్లకు పని. జామాయిల్‌కు గుంతలు తవ్వేటప్పుడు కొన్నాళ్లు, నరికేటప్పుడు కొన్నాళ్లు. నరికిన మోడు మళ్లీ చిగురిస్తుంది కదా, రెండోసారి గుంతల పనీ లేదు! అడవిలో తునికి ఉంటే ఎండాకాలం ఆకు కోత ఉంటది, ఇప్ప ఉంటే పువ్వు రాలుతది. వీటిని మడిలో పెట్టి జామాయిల్ పక్కన కొలిచిందెవరు?

కర్ణాటకలోని తుముకూరు జిల్లా రైతులు ఈ ప్రశ్న అడుగుతూ కూర్చోలేదు. 1983లో రైతు సంఘం జెండాతో నర్సరీలోకి పోయి జామాయిల్ మొక్కలు పీకేశారు. ఆ చోటే చింత, మామిడి గింజలు పాతారు.